సబ్‌క్లాస్ కాన్‌స్ట్రక్టర్ ఇలాగే ఉండాలని జావాతో బలవంతం చేయించొచ్చా?

ప్రశ్న: అన్నా, మాది చిత్తూరు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే చిన్న ఆఫీసులో జావా రాస్తాను. లోడు బండి వేబ్రిడ్జి ఎక్కగానే కాటా నుంచి తూకం మా ప్రోగ్రామ్‌లోకి రావాలి. ఒక్కో ఫ్యాక్టరీలో ఒక్కో కంపెనీ కాటా ఉంటుంది కాబట్టి 'కాటా' అని ఒక ఆబ్‌స్ట్రాక్ట్ క్లాసు పెట్టి, కంపెనీకి ఒక సబ్‌క్లాసు రాసుకున్నాం. ఎక్కడ ఏది వాడాలో సెట్టింగ్స్ ఫైల్లో క్లాసు పేరు రాస్తే, ప్రోగ్రామ్ దాన్ని చదివి రిఫ్లెక్షన్‌తో, అంటే నడిచేటప్పుడే పేరునుబట్టి క్లాసును వెతికి, ఆబ్జెక్ట్ తయారు చేస్తుంది. ప్రతి సబ్‌క్లాసుకూ పోర్ట్ పేరు, బాడ్ రేట్ (కేబుల్ మీద డేటా వచ్చే వేగం) తీసుకునే కాన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే కోడ్) ఉండాలని మా రూలు. కొత్తగా చేరిన అబ్బాయి తన క్లాసుకు ప్యారిటీ (డేటాలో తప్పులు పట్టే అదనపు బిట్ సెట్టింగ్) కూడా కలిపి మూడు ఆర్గ్యుమెంట్లు పెట్టాడు. కంపైల్ అయిపోయింది. ఆ కాటా మా ఆఫీసులో లేదు కాబట్టి టెస్ట్ చేయలేదు. బంగారుపాళ్యం దగ్గర ఒక ఫ్యాక్టరీలో తోతాపురి ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నప్పుడు 'నో సచ్ మెథడ్ ఎక్సెప్షన్' అని ఆగిపోయింది. తిట్లన్నీ నాకే. ఇంటర్‌ఫేస్‌లో కాన్‌స్ట్రక్టర్ రాస్తే జావా ఒప్పుకోవట్లేదు, ఆబ్‌స్ట్రాక్ట్ కాన్‌స్ట్రక్టర్ అన్నా ఒప్పుకోవట్లేదు. సీ షార్ప్‌లో ఇది ఉందని బెంగళూరులో ఉన్న ఫ్రెండ్ అంటున్నాడు. జావాలో దారి లేదా?

జవాబు: తమ్ముడూ, నువ్వు అడిగిన రూపంలో అయితే లేదు. 'నా సబ్‌క్లాసులన్నిటికీ ఈ రెండు ఆర్గ్యుమెంట్ల కాన్‌స్ట్రక్టర్ ఉండి తీరాలి' అని జావాలో రాయడానికి వాక్యమే లేదు. అయితే నీకు అసలు కావాల్సింది తప్పు క్లాసు ఫ్యాక్టరీ దాకా పోకుండా ఆఫీసులోనే దొరికిపోవడం కదా, దానికి మంచి దారి ఉంది, 2014లో జావా 8 వచ్చినప్పటి నుంచీ ఉంది. అక్కడికి వచ్చే ముందు ఇది ఎందుకు కుదరదో కొంచెం చూద్దాం, ఎందుకంటే కారణం తెలియకపోతే మళ్ళీ ఇదే రూలును ఇంకో వేషంలో పెట్టుకుంటావు.

బేస్ క్లాసు చేతిలో ఉన్న అధికారం ఎంతో ముందు చెప్తా. 'కాటా'లో పోర్ట్, బాడ్ రేట్ తీసుకునే కాన్‌స్ట్రక్టర్ ఒక్కటే ఉంచి, ఖాళీ కాన్‌స్ట్రక్టర్ లేకుండా చేస్తే, ప్రతి సబ్‌క్లాసూ 'సూపర్' అని పిలిచి ఆ రెండు విలువలూ పైకి ఇచ్చి తీరాలి, ఇవ్వకపోతే కంపైల్ కాదు. ఇది చూసి చాలామంది రూలు పడిపోయిందనుకుంటారు. కానీ ఆ విలువలు సబ్‌క్లాసు ఎక్కడి నుంచి తెచ్చిందని కంపైలర్ అడగదు. మీ అబ్బాయి మూడు తీసుకుని అందులో రెండు పైకి పంపాడు, అది జావాకు సమ్మతమే. ఇంకొకడు ఒక్క ఆర్గ్యుమెంటూ తీసుకోకుండా 'కామ్3' అనీ 9600 అనీ లోపలే రాసేసి పైకి పంపినా సమ్మతమే. ఫ్యాక్టరీ గేటు దగ్గర కాయ ఎట్లా ఉందో చూస్తారు గానీ రైతు దాన్ని తోటలో ఎవరితో కోయించాడో అడగరు చూడు, బేస్ క్లాసు కాన్‌స్ట్రక్టర్ కూడా అంతే.

ఎందుకు ఇట్లా పెట్టారంటే, జావాలో కాన్‌స్ట్రక్టర్లు వారసత్వంగా రావు, వాటిని క్లాసు మెంబర్లుగా కూడా లెక్కపెట్టరు. నీ దగ్గర 'కాటా' రకం వేరియబుల్ ఒకటి ఉంటే దాని మీద 'తూకం చదువు' అని పిలవగలవు, అది ఏ సబ్‌క్లాసైనా పని జరగాలి, ఆ హామీ కోసమే ఇంటర్‌ఫేసులూ ఆబ్‌స్ట్రాక్ట్ మెథడ్లూ ఉన్నాయి. కాన్‌స్ట్రక్టర్‌ను మాత్రం ఎవరూ వేరియబుల్ మీద పిలవరు, క్లాసు పేరు రాసి 'న్యూ' అంటారు. పేరు రాశావంటే అది ఏ క్లాసో నీకు ముందే తెలుసు, దాని కాన్‌స్ట్రక్టర్ ఎట్లా ఉందో కంపైలర్ అక్కడే చూసుకుంటుంది. బార్బరా లిస్కోవ్ 1987లో ఒక ప్రసంగంలో చెప్పి, 1994లో జానెట్ వింగ్‌తో కలిసి పేపర్‌గా రాసిన సూత్రం కాలేజీలో చదివే ఉంటావు, బేస్ ఆబ్జెక్ట్ ఉన్నచోట సబ్‌క్లాస్ ఆబ్జెక్ట్ పెట్టినా ప్రోగ్రామ్ తప్పు దారి పట్టకూడదని. ఆ సూత్రం వర్తించేది తయారైపోయిన ఆబ్జెక్ట్‌కు. తయారయ్యే తీరు దాని పరిధిలోకి రాదు.

ఇదంతా థియరీ అనిపిస్తే, నీ పనిలోంచే ఒకటి తీసుకో. రేపు ఏదో ఫ్యాక్టరీ నెట్‌వర్క్ కేబుల్‌తో పనిచేసే కాటా కొంటుంది. దానికి కామ్ పోర్టూ లేదు, బాడ్ రేటూ లేదు, ఐపీ అడ్రస్ ఉంటుంది. నువ్వు కోరుకున్న రూలు జావాలో నిజంగానే ఉండి ఉంటే ఆ క్లాసు రాసేవాడు ఏం చేస్తాడు? పోర్ట్ పేరు అనే స్ట్రింగ్‌లో ఐపీ అడ్రస్ దూర్చి, బాడ్ రేట్ దగ్గర సున్నా పెట్టి కంపైలర్‌ను ఒప్పిస్తాడు. ఆర్నెల్ల తర్వాత ఆ సున్నా ఏమిటో ఎవరికీ తెలీదు. అట్లాగే ఆఫీసులో డెమో చూపించడానికి ఒక ఉత్తుత్తి కాటా రాసుకుంటారు, దానికి కావాల్సింది ముందే రాసిపెట్టిన తూకాల జాబితా ఒక్కటే. ఈ రెండూ అసలైన కాటాలే, 'తూకం చదువు' అంటే చదువుతాయి. పుట్టడానికి వాటికి కావాల్సినవే వేరు.

అసలు మీ అబ్బాయి చేసింది తప్పు కూడా కాదని నా అభిప్రాయం. సీరియల్ కేబుల్ మీద కొన్ని కాటాలు 7 బిట్లు, ఈవెన్ ప్యారిటీతో పంపుతాయి, కొన్ని 8 బిట్లు, ప్యారిటీ లేకుండా పంపుతాయి. అది సరిగ్గా పెట్టకపోతే తూకం బదులు పిచ్చి అక్షరాలు వస్తాయి. ఆ మెషీన్‌కు ప్యారిటీ కావాలి, కాబట్టి అడిగాడు. పోర్టూ బాడ్ రేటూ చాలనుకున్న మీ రూలే ఇరుకైంది. ఆ పిల్లోణ్ణి తిట్టి ఉంటే ఒక టీ ఇప్పించు.

ఇక రిఫ్లెక్షన్ సంగతి. ఆర్గ్యుమెంట్ల సంఖ్య ఒక్కటే సరిపోతే చాలదు అక్కడ. నీ లోడర్ (సెట్టింగ్స్ ఫైల్ చదివి ఆబ్జెక్ట్ తయారు చేసే కోడ్) స్ట్రింగ్, ఇంట్ అనే మామూలు అంకె రకం అని వెతుకుతుంటే, ఎవరైనా ఇంట్ బదులు ఇంటీజర్ అనే క్లాసు రాశాడనుకో, చూడ్డానికి రెండు ఆర్గ్యుమెంట్లే, మామూలు కోడ్‌లో అయితే జావా తనే మార్చుకుంటుంది కూడా, రిఫ్లెక్షన్ వెతుకులాటలో మాత్రం అవి రెండూ వేర్వేరు రకాలు, దొరకదు, అదే ఎక్సెప్షన్ మళ్ళీ. సబ్‌క్లాసును ఇంకో క్లాసు లోపల స్టాటిక్ లేకుండా రాసినా ఇదే గొడవ, బయటి క్లాసు ఆబ్జెక్ట్ కనిపించని మొదటి ఆర్గ్యుమెంట్‌గా వచ్చి చేరుతుంది. కాన్‌స్ట్రక్టర్ లోపల పోర్ట్ తెరిచే కోడ్ ఉండి అది విఫలమైతే, అసలు కారణం 'ఇన్వొకేషన్ టార్గెట్ ఎక్సెప్షన్' అనే చుట్టలో దాక్కుంటుంది, లాగ్‌లో లోపలి కారణం ప్రింట్ చేయకపోతే ఫ్యాక్టరీ నుంచి ఫోన్‌లో చెప్పేవాడికి గానీ నీకు గానీ ఒక్క ముక్క అర్థం కాదు.

నీ ఫ్రెండ్ చెప్పింది సగం నిజం. సీ షార్ప్‌లో జెనెరిక్స్‌కు (ఏ రకమో తర్వాత నింపుకునేలా రాసే కోడ్‌కు) 'న్యూ' అనే నియమం పెట్టొచ్చు, కానీ అది ఆర్గ్యుమెంట్లు లేని పబ్లిక్ కాన్‌స్ట్రక్టర్‌కు మాత్రమే, పోర్టూ బాడ్ రేటూ అని రాయనివ్వదు. పైగా అది ఆ జెనెరిక్ వాడేచోట పడే నియమం, బేస్ క్లాసు తన పిల్లల మీద పెట్టేది కాదు. 2022లో వచ్చిన సీ షార్ప్ 11లో ఇంటర్‌ఫేస్‌లో స్టాటిక్ ఆబ్‌స్ట్రాక్ట్ మెథడ్ పెట్టుకోవచ్చు, 'క్రియేట్' అనే స్టాటిక్ మెథడ్ ప్రతి క్లాసూ ఇవ్వాలని అడగొచ్చు, నువ్వు కోరేదానికి అది దగ్గర. జావాలో ఇంటర్‌ఫేస్ స్టాటిక్ మెథడ్‌కు ఒళ్ళు (లోపలి కోడ్) ఉండి తీరాలి, అందుకని ఆ దారి మూసుకున్నట్టే. నువ్వు అడిగింది అడిగినట్టు ఉన్న భాష స్విఫ్ట్. అక్కడ ఇనిట్ (వాళ్ళ కాన్‌స్ట్రక్టర్ పేరు అది) ముందు 'రిక్వయిర్డ్' అని రాస్తే ప్రతి సబ్‌క్లాసూ దాన్ని అమలు చేయాలి లేదా వారసత్వంగా పొంది ఉండాలి. పీహెచ్‌పీలో ఇంటర్‌ఫేస్‌లోనే కాన్‌స్ట్రక్టర్ రాయొచ్చు, అయితే ఆ పని చేయొద్దని వాళ్ళ మాన్యువలే గట్టిగా చెప్తుంది. పైథాన్‌లో ఇనిట్‌ను ఆబ్‌స్ట్రాక్ట్ అనొచ్చు గానీ ఆర్గ్యుమెంట్లు సరిపోయాయా అని అది చూడదు, 3.6 నుంచి ఉన్న 'ఇనిట్ సబ్‌క్లాస్' అనే హుక్‌లో నువ్వే చెక్ రాసుకోవాలి. సరే, నువ్వు జావాలో ఉన్నావు, దీని కోసం భాష మార్చవు.

ఇప్పుడు అసలు మందు. రెండు విలువలు ఇస్తే కాటా రావాలని అడుగుతున్నది ఎవరు? నీ లోడర్. బిల్లింగ్ స్క్రీన్ అడగట్లేదు, రిపోర్టు అడగట్లేదు. కాబట్టి ఆ రూలు లోడర్‌ది, దాన్ని లోడర్ దగ్గరే ఒక టైపుగా రాసుకో. 'కాటా తయారీ' అని ఒక చిన్న ఇంటర్‌ఫేస్, అందులో ఒకే ఒక మెథడ్, సెట్టింగ్స్ తీసుకుని కాటా తిరిగిచ్చేది. జావాలో రెడీగా ఉన్న 'ఫంక్షన్' ఇంటర్‌ఫేస్ వాడినా పని అవుతుంది, నాకైతే పేరున్న ఇంటర్‌ఫేసే ఇష్టం, ఎర్రర్ మెసేజ్‌లో 'కాటా తయారీ' అని కనిపిస్తే కొత్తవాడికి కూడా విషయం అర్థమవుతుంది.

తర్వాత ఒక మ్యాప్. ఎడమవైపు సెట్టింగ్స్ ఫైల్లో రాసే పేరు, కుడివైపు దాని తయారీ. 'ఆల్ఫా' అనే పేరుకు ఎదురుగా ఆల్ఫాకాటా అని రాసి రెండు కోలన్లు పెట్టి న్యూ అని రాస్తావు, ఇట్లా: ఆల్ఫాకాటా::న్యూ. దీన్ని కాన్‌స్ట్రక్టర్ రిఫరెన్స్ అంటారు. నీకు కావాల్సిన బలవంతం అంతా ఆ రెండు కోలన్లలో ఉంది. ఆ లైను కంపైల్ అయ్యేటప్పుడు, సెట్టింగ్స్ తీసుకునే కాన్‌స్ట్రక్టర్ ఆల్ఫాకాటాకు ఉందా లేదా అని కంపైలర్ చూస్తుంది, లేకపోతే ఆ లైను మీదే ఎర్ర గీత వస్తుంది. ఇంట్, ఇంటీజర్ తేడా కూడా ఇక్కడ తనే సర్దుకుంటుంది, రిఫ్లెక్షన్ లాగా మొండికేయదు.

కాన్‌స్ట్రక్టర్ ఆ ఆకారంలో లేని క్లాసుకు లాంబ్డా (పేరు లేని చిన్న ఫంక్షన్) రాసుకో. మీ అబ్బాయి క్లాసును ముట్టుకోనక్కర్లేదు, 'సెట్టింగ్స్ ఇస్తే, అందులోంచి పోర్టు, బాడ్ రేటు, ప్యారిటీ తీసి బీటాకాటాకు ఇవ్వు' అని మ్యాప్‌లో ఒక్క లైను. పాత రెండు ఆర్గ్యుమెంట్ల క్లాసులకూ ఇట్లాగే ఒక్కో లైను. నెట్‌వర్క్ కాటా వస్తే ఐపీ అడ్రస్ తీసి ఇచ్చే లైను. ఉత్తుత్తి కాటాకు సెట్టింగ్స్ వైపు చూడనే చూడని లైను. ప్రతి కాన్‌స్ట్రక్టర్ తనకు నిజంగా ఏం కావాలో అదే అడుగుతుంది, ఒక్కటీ అబద్ధం చెప్పనక్కర్లేదు, అయినా లోడర్‌కు అన్నీ ఒకే ఆకారంలో కనిపిస్తాయి. రేపు ఎవరైనా బీటాకాటాకు నాలుగో ఆర్గ్యుమెంట్ కలిపితే ఆ లైను కంపైల్ కాదు, బంగారుపాళ్యం వెళ్ళాల్సిన పని ఉండదు.

సెట్టింగ్స్‌ను మాత్రం విడివిడి విలువలుగా పంపొద్దు, ఒక ఆబ్జెక్ట్‌గా పంపు. జావా 16 లేదా ఆ పైన ఉంటే రికార్డ్ (విలువలు దాచుకునే చిన్న క్లాసు) చాలు. ఒక్కో కాటాకు ఒక్కో రకం కీలు ఉంటాయనుకుంటే, పేరు చెప్తే విలువ ఇచ్చే చిన్న క్లాసు రాసి, విలువ లేకపోతే 'ఈ ఫైల్లో ప్యారిటీ రాయలేదు' అని తెలుగులోనో ఇంగ్లీషులోనో స్పష్టంగా అరిచేలా చెయ్యి. ఉత్త నల్ పాయింటర్ వద్దు.

'క్లాసు రాసి మ్యాప్‌లో చేర్చడం మర్చిపోతే?' అంటావు. మర్చిపోతారు, మనుషులే కదా. అప్పుడు లోడర్ ఆ పేరు మ్యాప్‌లో లేదని, ఉన్న పేర్లు ఇవీ అని చెప్పి ఆగాలి, అదీ ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడే, మొదటి బండి వేబ్రిడ్జి ఎక్కాక కాదు. దీనికి తోడు ఒక టెస్ట్ రాయి. మ్యాప్‌లో ఉన్న ప్రతి పేరుకూ నమూనా సెట్టింగ్స్ ఇచ్చి ఆబ్జెక్ట్ తయారవుతుందా అని చూస్తే చాలు. ఈ టెస్ట్ నడవాలంటే ఒక షరతు ఉంది, కాన్‌స్ట్రక్టర్‌లో పోర్ట్ తెరవకూడదు. విలువలు దాచుకోవడం వరకే కాన్‌స్ట్రక్టర్ పని, తెరవడానికి వేరే మెథడ్ పెట్టు. అప్పుడు మీ ఆఫీసులో ఏ కాటా లేకపోయినా అన్నిటి తయారీనీ పరీక్షించొచ్చు.

ఇక్కడే ఒక గుంట ఉంది, చాలామంది పడతారు కాబట్టి చెప్తున్నా. కాన్‌స్ట్రక్టర్ బలవంతం చేయలేకపోయాం గదా అని, బేస్ క్లాసులో 'ఇనిట్' అనే ఆబ్‌స్ట్రాక్ట్ మెథడ్ పెట్టి దాన్ని బేస్ కాన్‌స్ట్రక్టర్ లోంచే పిలుస్తారు. చూడ్డానికి బలే ఉంటుంది, ప్రతి సబ్‌క్లాసూ దాన్ని రాసి తీరాలి, తనంతట తనే నడుస్తుంది. కానీ జావాలో ముందు బేస్ కాన్‌స్ట్రక్టర్ పూర్తవుతుంది, ఆ తర్వాతే సబ్‌క్లాసు ఫీల్డులకు రాసిన మొదటి విలువలు పడతాయి, ఆ తర్వాతే దాని కాన్‌స్ట్రక్టర్ ఒళ్ళు నడుస్తుంది. అంటే నీ ఇనిట్ నడిచేసరికి సబ్‌క్లాసు ఫీల్డులన్నీ నల్, సున్నా. ఇంకా ఘోరం ఏమిటంటే, ఇనిట్‌లో ప్యారిటీని 2 అని పెట్టావనుకో, ఆ ఫీల్డు పక్కన 'ప్యారిటీ = 0' అని ముందే రాసి ఉంటే, ఇనిట్ అయిపోయాక ఆ సున్నా వచ్చి నీ 2ను తుడిచేస్తుంది. ఎక్సెప్షన్ రాదు, ఎర్రర్ రాదు, పిచ్చి అక్షరాలు వస్తాయి, నువ్వు కేబుల్ మార్చి చూస్తావు. జావా 25లో సూపర్ పిలవకముందే ఫీల్డులకు విలువ పెట్టే వీలు ఇచ్చారు, దాంతో కొంత ఊరట, అయినా బేస్ కాన్‌స్ట్రక్టర్ లోంచి ఓవర్‌రైడ్ అయ్యే మెథడ్‌ను పిలవడం మానేయడమే మేలు.

మీ క్లాసులన్నీ ఒకే ప్రాజెక్టులో ఉన్నాయి కాబట్టి ఈ మ్యాప్ సరిపోతుంది. ఎప్పుడైనా కాటా కంపెనీవాళ్ళే తమ జార్ ఫైల్ ఇచ్చి 'ఇది పెట్టుకోండి' అనే రోజు వస్తే అప్పుడు బయటి జార్‌లలోని క్లాసులను వెతికి తెచ్చే సర్వీస్ లోడర్ చూడు, అది జావా 6 నుంచి ఉంది. దానికి ఆర్గ్యుమెంట్లు లేని పబ్లిక్ కాన్‌స్ట్రక్టర్ కావాలి, అందుకని కాటా క్లాసును కాదు, 'కాటా తయారీ'ని అమలు చేసే క్లాసును సర్వీస్‌గా ఇవ్వమని వాళ్ళకు చెప్పాలి. తయారీకి ఏ విలువలూ అక్కర్లేదు కాబట్టి ఖాళీ కాన్‌స్ట్రక్టర్ దానికి సహజంగా సరిపోతుంది, పోర్టూ ప్యారిటీ అన్నీ దాని మెథడ్‌కు వెళ్తాయి. వాళ్ళు మాడ్యూల్‌గా ఇస్తే ఆ ఖాళీ కాన్‌స్ట్రక్టర్ ఉందో లేదో కంపైల్‌లోనే తేలిపోతుంది, మామూలు క్లాస్‌పాత్ అయితే నడిచేటప్పుడే తెలుస్తుంది. సొంతంగా అనొటేషన్ ప్రాసెసర్ రాసి కాన్‌స్ట్రక్టర్ ఆకారాన్ని కంపైల్‌లో పట్టుకునే పద్ధతి కూడా ఉంది, కానీ మీలాంటి చిన్న ఆఫీసుకు అది దోమ మీదకు బ్రహ్మాస్త్రం. రాసినవాడు ఉద్యోగం మారితే దాన్ని ఎవరు చూస్తారు?

ఆఖరుగా ఒక పని విషయం. ఇప్పటికే ఫ్యాక్టరీల్లో నడుస్తున్న సెట్టింగ్స్ ఫైళ్ళలో పూర్తి క్లాసు పేర్లు ఉన్నాయి కదా, ప్యాకేజీ పేరుతో సహా. కొత్త మ్యాప్‌లో 'ఆల్ఫా' అనే పొట్టి పేరుతో పాటు ఆ పాత పొడుగు పేరును కూడా అదే తయారీకి కీగా చేర్చెయ్యి. లేకపోతే అప్‌డేట్ వేసిన రోజు చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఉన్న మీ కస్టమర్లందరి దగ్గరికీ బండేసుకుని తిరిగి ఫైళ్ళు మార్చాలి. పాత పేరు కనిపించినప్పుడల్లా లాగ్‌లో ఒక లైను పడేలా చెయ్యి, ఎవరెవరి ఫైళ్ళు ఇంకా మారలేదో దాన్నిబట్టి తెలుస్తుంది. తోతాపురి జోరంతా జూన్, జూలైలో కదా, మార్చేదేదో మే నెల లోపలే మార్చి, ఒక్క ఫ్యాక్టరీలో ఖాళీ బండి ఎక్కించి చూసుకున్నాకే మిగతావాళ్ళకు పంపు.